ఎకెరాన్ ఒడ్డున దెయ్యాలను దించిన యంత్రం నిజమేనా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల కుటుంబంతో గ్రీస్ వెళ్తున్నారు. వాయవ్య గ్రీస్‌లో మెసొపొటామోస్ అనే పల్లె దగ్గర, చనిపోయినవాళ్లతో మాట్లాడించే పాతాళ గుడి ఒకటి ఉందని వీడియోలో చూశారు. పూజారులు వచ్చినవాళ్లకి మత్తెక్కించే గింజలు తినిపించి, చీకటి గదుల్లో తిప్పి, చివరికి ఓ యంత్రంతో పైనుంచి 'దెయ్యాన్ని' దించేవారట. ఇది నిజమేనా, దానికోసం ఒక రోజు కేటాయించవచ్చా అని.

వెళ్లండి, తప్పకుండా చూడండి. యంత్రం కథ మాత్రం నమ్మకండి. అసలు ఆ కట్టడమే మీరు అనుకుంటున్న గుడి కాకపోవచ్చు. అలాగని చనిపోయినవాళ్లని పిలిచి అడిగే చోట్లు గ్రీకులకి లేవని కాదు. ఉన్నాయి, పాతవాళ్లు వాటి గురించి బాగానే రాసిపెట్టారు. తేడా ఎక్కడంటే, అక్కడ జరిగిన పనికి యంత్రం అవసరం లేదు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. చాలా ఏళ్లు నేనూ క్లాసులో ఈ యంత్రం కథే చెప్పాను. వెనక బెంచీలవాళ్లు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్లు. తర్వాత అసలు సంగతి చదివి నాలుక కరుచుకున్నాను. అందుకే ఈ సమాధానం కాస్త పొడుగు.

ముందు ఆ కథ ఎలా పుట్టిందో చూద్దాం. మెసొపొటామోస్ దగ్గర చిన్న గుట్ట, దాని మీద బాప్తిస్మమిచ్చు యోహాను పేరు మీద ఒక పాత మఠం. 1958 నుంచి 1964 వరకు, మళ్లీ 1976, 77లో గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త సొటిరియోస్ డకారిస్ ఇక్కడ తవ్వాడు. మఠం కింద, చుట్టూ ఒక పెద్ద రాతి కట్టడం బయటపడింది. గోడలు మూడు మీటర్లకు పైనే మందం. వంకరలు తిరిగే ఇరుకు దారి, అటూ ఇటూ గదులు, వాటినిండా పెద్ద పెద్ద మట్టి కాగులు. మధ్య హాలు కింద రాతిని తొలిచి, కమానులతో కట్టిన నేలమాళిగ. ఎకెరాన్ నది దగ్గర చనిపోయినవాళ్లని అడిగే చోటు ఒకటుందని పాత గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిన మాట డకారిస్ మనసులో ఎప్పటినుంచో ఉంది. ఇవన్నీ చూసేసరికి దొరికిందనుకున్నాడు. ఆ చోటుని గ్రీకులు నెక్యోమాంటెయాన్ అనేవారు. నెక్యుస్ అంటే శవం, మాంటెయాన్ అంటే జోస్యం అడిగే చోటు.

ఇక మిగిలినవన్నీ ఆ లెక్కలోకి వచ్చి కూర్చున్నాయి. కాగుల్లో కాలిపోయిన చిక్కుడు జాతి గింజలు దొరికాయి, అవి మత్తు కోసం అన్నాడు. వంకర దారి వచ్చినవాళ్లని తికమకపెట్టడానికి. ఇనుప, కంచు ముక్కలు కొన్ని దొరికాయి, పళ్లచక్రాలూ రింగులూ లాంటివి. ఇవి దెయ్యం వేషం వేసుకున్న మనిషిని దించే యంత్రం భాగాలు అన్నాడు. మీరు చూసిన వీడియో మొత్తం ఇదే.

చిక్కు ఆ కంచు రింగులతోనే వచ్చింది. దీత్‌వుల్ఫ్ బాట్జ్ అనే జర్మన్ పండితుడు పాతకాలపు యుద్ధ యంత్రాల మీద పనిచేసినవాడు. వీటిని చూడగానే గుర్తుపట్టాడు. కాటపల్ట్ అనే యంత్రం ఉండేది కదా, జంతువుల నరాలో వెంట్రుకలో పేనిన తాళ్లని గట్టిగా పురిపెట్టి, ఆ బిగువుతో బాణాలు విసిరేది. ఆ తాళ్ల కట్ట జారకుండా పైనా కిందా బిగించే రింగులు ఇవి. ఒక్క యంత్రానివి కాదు, అనేక యంత్రాలవి. 1982లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. అప్పటికే కట్టడాల నిపుణుడు లోథర్ హాసెల్‌బెర్గర్ కూడా, ఇది గుడిలా లేదు, కోటగోడల్లాంటి గోడలున్న పెద్ద రైతు ఇల్లులా ఉంది అన్నాడు.

ఆ మాట విన్నాక కట్టడాన్ని మళ్లీ చూడండి. కాగులు, గోధుమలు, బార్లీ, చిక్కుడు గింజలు: ఇది ఏ కాస్త ఉన్న రైతు ఇంట్లోనైనా ఉండే సరుకు. మూడు మీటర్ల గోడ దొంగల నుంచీ సైన్యాల నుంచీ కాపాడుకోవడానికి. నేలమాళిగ సంగతంటారా, పల్లెల్లో ధాన్యం పాతరలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నీళ్ల తొట్టి అయినా కావచ్చు. కట్టడం హెలెనిస్టిక్ కాలానిది, అంటే అలెగ్జాండర్ తర్వాతది. రోమన్లు ఈ ప్రాంతాన్ని క్రీ.పూ. 167లో కొల్లగొట్టారు. ఎపిరస్ ప్రాంతంలో 70 ఊళ్లు నాశనం చేసి, లక్షా యాభై వేలమందిని బానిసలుగా పట్టుకుపోయారని పాత చరిత్రకారులు రాశారు. ఆ దాడి కాలంలోనే ఈ ఇల్లూ తగలబడింది. కాటపల్టులు ఎందుకున్నాయో వేరే చెప్పాలా?

కాలం లెక్క ఇంకా పెద్ద దెబ్బ. హెరోడోటస్ చెప్పే కథ జరిగింది క్రీ.పూ. 600 చుట్టుపక్కల. ఈ ఇల్లు దానికి దాదాపు మూడువందల ఏళ్ల తర్వాత కట్టింది. డకారిస్ పక్షాన ఒక్క మాట చెప్పాలి, గుట్ట పక్కన ఇంతకంటే పాతవి, దేవత మట్టిబొమ్మలు దొరికాయి. కాబట్టి ఈ చుట్టుపక్కల ఏదో పూజాస్థలం ఉండే ఉంటుంది. కాని బొమ్మలు దొరికినంత మాత్రాన పక్కింటి నేలమాళిగ పాతాళం అయిపోదు.

మరి అసలు చోటు ఏది? నన్నడిగితే ఒక గుడినో గదినో వెతకడమే పొరపాటు. హెరోడోటస్ తన కథలోని మనుషులు వెళ్లింది 'ఎకెరాన్ నది దగ్గరికి' అన్నాడే గానీ ఏ కట్టడం పేరూ చెప్పలేదు. పాతవాళ్ల వర్ణనల్లో ఇలాంటి చోట్లు నీళ్ల ఒడ్డునో, గుహ నోటి దగ్గరో ఉంటాయి. గుట్ట కింద మైదానంలో ఎకెరూసియా అనే సరస్సు ఉండేది. 20వ శతాబ్దంలో దాన్ని ఎండగట్టి పొలాలు చేశారు. అసలు చోటు ఆ సరస్సు ఒడ్డున ఎక్కడో ఉండేదని వాదించే పండితులు ఉన్నారు, నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇప్పుడు హెరోడోటస్ కథ. పెరియాండర్ కొరింత్ నగరానికి నియంత. తన భార్య మెలిస్సాని తనే చంపాడు. కొన్నాళ్లకి ఒక స్నేహితుడు దాచమని ఇచ్చిన సొత్తు ఎక్కడ పెట్టారో అతనికి తెలియకుండా పోయింది. తెలిసినది చనిపోయిన భార్యకి మాత్రమే. అందుకని ఎకెరాన్ దగ్గరికి మనుషుల్ని పంపాడు. మెలిస్సా కనిపించింది గానీ చెప్పనంది. "నాకు చలేస్తోంది, ఒంటిమీద బట్టల్లేవు. నాతో పూడ్చిన బట్టలు కాల్చలేదు కాబట్టి అవి నాకు పనికిరావడం లేదు" అంది. తను మెలిస్సానే అనడానికి గుర్తుగా ఒక మాట చెప్పి పంపింది: పెరియాండర్ చల్లారిన పొయ్యిలో రొట్టెలు పెట్టాడని. వచ్చినవాళ్లకి అది అర్థం కాలేదు, పెరియాండర్‌కి అర్థమైంది. చనిపోయాక ఆ శవంతో అతను ఏం చేశాడో అతనికొక్కడికే తెలుసు.

ఆ మాట చేరగానే పెరియాండర్ కొరింత్ ఆడవాళ్లందరినీ హేరా గుడికి రమ్మని చాటించాడు. పండగనుకుని అందరూ మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. యజమానురాలు, దాసి అని చూడకుండా అందరి బట్టలూ విప్పించి, గోతిలో వేసి, మెలిస్సా పేరు చెప్పి కాల్చేశాడు. రెండోసారి మనుషుల్ని పంపితే ఆవిడ సొత్తు ఎక్కడుందో చెప్పింది.

హెరోడోటస్ ఈ కథ తన మాటగా చెప్పడు. నియంతల పాలన ఎంత ఘోరమో స్పార్టావాళ్లకి వివరిస్తూ ఒక కొరింత్ పౌరుడు చెప్పినట్టు రాస్తాడు. కాబట్టి ప్రతి ముక్కా జరిగిందని ఎవరూ అనలేరు. కాని కథ పనిచేయాలంటే, చనిపోయినవాళ్లని అడగడం వినేవాళ్లకి విచిత్రంగా తోచకూడదు కదా. ఇక్కడ విచిత్రం పెరియాండరే గానీ, చనిపోయిన భార్యని అడగడం కాదు.

ఇంకోటి చూడండి. పెరియాండర్ భవిష్యత్తు అడగలేదు. యుద్ధం గెలుస్తామా, కొడుకు పుడతాడా అనే ప్రశ్నలకి డెల్ఫీ ఉంది, అక్కడ అపోలో చెబుతాడు. చనిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లేది వాళ్లకి మాత్రమే తెలిసినదాని కోసం, లేదా వాళ్లకి మన మీద ఉన్న కోపం చల్లార్చుకోవడం కోసం. ఈస్కిలస్ నాటకం 'పర్షియన్లు' క్రీ.పూ. 472లో ఆడింది. అందులో రాణి అటోసా పాలు, తేనె, నీళ్లు, ద్రాక్షసారా, నూనె, పూలు పట్టుకొచ్చి భర్త డరియస్‌ని సమాధిలోంచి లేపుతుంది. లేచిన డరియస్‌కి సలామిస్ యుద్ధంలో తన కొడుకు ఓడిపోయిన సంగతే తెలీదు. ఏమైందని ఆయనే అడుగుతాడు! చనిపోయినంత మాత్రాన అన్నీ తెలిసిపోతాయని గ్రీకులు అనుకోలేదు.

కోపం చల్లార్చుకోవడానికి వెళ్లినవాళ్లలో పెద్ద పేరు పౌసానియస్. ప్లాటియాలో క్రీ.పూ. 479లో పర్షియా సైన్యాన్ని ఓడించిన స్పార్టా సేనాని. బైజాంటియంలో ఉండగా మంచి కుటుంబంలోని క్లియోనికే అనే పిల్లని రాత్రి తన గదికి రప్పించాడు. ఆ పిల్ల సిగ్గుతో దీపం తీసేయమంది. చీకట్లో వస్తూ దీపపు స్తంభాన్ని తన్నుకుంది. నిద్రలో ఉన్న పౌసానియస్ ఉలిక్కిపడి, ఎవరో చంపడానికి వచ్చారనుకుని పక్కనున్న కత్తితో పొడిచేశాడు. ఆ తర్వాత అతనికి నిద్రలేదు, రాత్రయితే ఆ పిల్ల కనిపించేది. చివరికి నల్లసముద్రం ఒడ్డున హెరాక్లియాలోని నెక్యోమాంటెయాన్‌కి వెళ్లి ఆమెని పిలిపించి, కోపం వదులుకోమని బతిమాలాడు. "స్పార్టా చేరగానే నీ కష్టాలు తీరిపోతాయి" అంది. తీరాయి. ద్రోహం చేశాడని స్పార్టావాళ్లు తరిమితే ఎథీనా గుడి ఆవరణలో దూరాడు, తలుపులు మూసి తిండి లేకుండా చేసి చంపారు. ఈ కథ చెప్పింది గ్రీకు రచయిత ప్లూటార్క్, ఐదువందల ఏళ్ల తర్వాతవాడు. పౌసానియస్ చావు గురించి చరిత్రకారుడు థుసిడిడీస్ కూడా రాశాడు గానీ ఆ పిల్ల మాట ఎత్తడు.

హెరాక్లియా ఇప్పుడు టర్కీలో కరదెనిజ్ ఎరెయిలి. అక్కడి గుహల్ని చూపిస్తారు, వాటి టర్కీ పేరుకి అర్థమే నరకం నోరు. ఇలాంటివే ఇంకో రెండు. గ్రీస్ ప్రధాన భూభాగం దక్షిణపు కొనన తైనరాన్, ఇటలీలో నేపుల్స్ దగ్గర అవెర్నస్ సరస్సు. తైనరాన్ గుహలోంచే హెర్క్యులిస్ పాతాళపు కుక్కని లాక్కొచ్చాడంటారు. యాత్రలు చేసి గ్రీస్ మొత్తం రాసిపెట్టిన ఇంకో పౌసానియస్ (సేనాని కాదు, క్రీ.శ. 2వ శతాబ్దం మనిషి) అక్కడికి వెళ్లి చూసి, ఈ గుహలోంచి కిందికి దారేమీ లేదే అని రాశాడు. నాకు ఆయనంటే ఇష్టం.

అవెర్నస్ గురించి పాత భూగోళ రచయిత స్ట్రాబో చెప్పేది మరీ తమాషా. అక్కడ జోస్యం నడిపేవాళ్లు భూమి కింద ఇళ్లలో ఉండేవారట, సొరంగాల్లోంచి ఒకరింటికి ఒకరు వెళ్లేవారట, సూర్యుణ్ణి చూడకూడదని రాత్రిపూట మాత్రమే బయటికొచ్చేవారట. జోస్యం ఫలించలేదని ఒక రాజు వాళ్లని తుడిచిపెట్టేశాడు. స్ట్రాబో కాలానికి రోమన్ సేనాని అగ్రిప్పా చుట్టూ అడవి కొట్టించి, ఆ సరస్సుని నౌకాదళం పనికి వాడేశాడు. అక్కడికి దగ్గర్లోనే బయేలో 1960లలో ఒక సొరంగం దొరికితే, ఇదిగో పాతాళ గుడి అని కొందరు హడావుడి చేశారు. భూమి కింద కన్నం కనిపిస్తే చాలు, మనకి ఆగదు.

ఇక పిలవడం ఎలా? దీనికి మనకున్న పాత ఆధారం హోమర్. ఆయన కావ్యం ఒడిస్సీలో సిర్సీ అనే మంత్రగత్తె కథానాయకుడు ఒడిస్సియస్‌కి చెప్పే పద్ధతి ఇది: ఎకెరాన్ నదిలో రెండు నదులు కలిసేచోట మూర పొడుగు, మూర వెడల్పు గొయ్యి తవ్వాలి. చుట్టూ ముందు పాలు, తేనె కలిపి తర్పణం, తర్వాత తియ్యటి ద్రాక్షసారా, మూడోసారి నీళ్లు. మీద తెల్లటి బార్లీ పిండి చల్లాలి. ఒక పొట్టేలు, ఒక నల్ల గొర్రె తలలు పాతాళం వైపు తిప్పి కోసి, రక్తం గోతిలోకి పోనివ్వాలి, కోసేవాడు మాత్రం ముఖం నది వైపు తిప్పుకోవాలి. ప్రేతాలు రక్తం కోసం మూగుతాయి. తను అడగదలచుకున్న టైరీసియస్ అనే చనిపోయిన జోస్యుడు తాగేదాకా కత్తి దూసి మిగిలినవాళ్లని ఆపాలి.

మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. మీ ఇంటి పెరట్లో పాదు తవ్వినంత. అంతే కొలత.

ఆ గోతి పక్కన జరిగేదే ఒడిస్సీలో నన్ను ఎక్కువగా పట్టుకున్న ఘట్టం. ఒడిస్సియస్ తల్లి ఆంటిక్లియా అక్కడే కూర్చుని ఉంటుంది. కొడుకుని గుర్తుపట్టదు, మాట్లాడదు. ఇల్లు వదిలినప్పుడు ఆమె బతికే ఉంది, చనిపోయిన సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. అయినా టైరీసియస్ తాగేదాకా ఆమెని కూడా రక్తం దగ్గరికి రానివ్వడు. తర్వాత రానిస్తాడు, తాగి గుర్తుపడుతుంది. నీ మీద బెంగతోనే పోయాను నాయనా అంటుంది. మూడుసార్లు వాటేసుకోబోతాడు, మూడుసార్లూ నీడలా జారిపోతుంది.

నిజం చోట్లలో అచ్చంగా ఇదే జరిగిందా అంటే, హోమర్ కవి, పూజా విధానం రాసుకునేవాడు కాదు. కాని గొయ్యి, పాలు తేనె, నల్ల జంతువు అనే వరస తర్వాతి గ్రీకు రచనల్లోనూ సమాధుల దగ్గరి ఆచారాల్లోనూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత చనిపోయినవాళ్లు కనిపించేది మెలకువలో కాదు, చాలావరకు కలలో. దీనికి మంచి ఉదాహరణ ప్లూటార్క్ పేరుమీద ఉన్న ఓదార్పు లేఖలో ఉంది. దక్షిణ ఇటలీలోని టెరీనాలో ఎలీసియస్ అనే ధనవంతుడి ఒక్కగానొక్క కొడుకు యూథినూస్ హఠాత్తుగా చనిపోయాడు. ఆస్తికోసం ఎవరో విషం పెట్టారని తండ్రికి అనుమానం. అలాంటి ఒక చోటికి వెళ్లి, బలి ఇచ్చి పడుకున్నాడు. కలలో తన తండ్రి కనిపించాడు, వెంట ఒక కుర్రాడు. ఆ కుర్రాడు ఒక చిన్న పలక చేతికిచ్చాడు, దానిమీద మూడు పద్యపాదాలు. సారాంశం: కొడుకు విధి ప్రకారమే పోయాడు, బతికుండడం అతనికీ మంచిది కాదు, తల్లిదండ్రులకీ మంచిది కాదు. ఆ తండ్రి వెతుకుతూ వెళ్లింది ఎవడు చంపాడని. తెచ్చుకున్నది, ఎవరూ చంపలేదని.

ఇక్కడ యంత్రం ఎక్కడ పెడతారు? దారిపొడుగునా ఒకటే ఆలోచన, ఉపవాసం, బలి, రాత్రి, తెలియని చోట నిద్ర. కొడుకు పోయిన మనిషికి కల రావడానికి కప్పీలూ తాళ్లూ కావాలా? ప్రాచీన జనాన్ని ఎవరో మోసం చేస్తే తప్ప ఇలాంటివి నమ్మరనుకోవడం మన కాలం గొప్పతనం చాటుకోవడమే అనిపిస్తుంది నాకు.

అలాగని మోసగాళ్లు లేరని అనను. చోటుతో పనిలేకుండా తిరుగుతూ ప్రేతాల్ని పిలిచేవాళ్లు, వదిలించేవాళ్లు ఉండేవారు, వాళ్లని సైకగోగోస్ అనేవారు, ఆత్మని నడిపించేవాడు అని. సేనాని పౌసానియస్ చచ్చాక అతని ప్రేతం ఎథీనా గుడి దగ్గర పీడిస్తుంటే స్పార్టావాళ్లు ఇటలీ నుంచి ఇలాంటివాళ్లనే పిలిపించారట. డొడోనాలో జ్యూస్ గుడిలో సీసపు రేకుల మీద ప్రశ్నలు రాసి అడిగేవారు. అలాంటి ఒక రేకు మీద, డోరియస్ అనే సైకగోగోస్‌ని పెట్టుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఉంది. మంత్రగాణ్ణి పెట్టుకునే ముందు దేవుణ్ణి సలహా అడగడం! నాటకాల్లో, కథల్లో కాకుండా మామూలు జనం నిజంగా ఇలాంటివాళ్ల దగ్గరికి వెళ్లేవారనడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. ప్లేటోకి మాత్రం ఒళ్లు మంట. చనిపోయినవాళ్ల ఆత్మల్ని లేపుతామని డబ్బు గుంజేవాళ్లని బతికినన్నాళ్లూ జైల్లో పెట్టాలి, చచ్చాక పూడ్చకుండా పొలిమేర అవతల పారేయాలి అని రాశాడు. అరిస్టోఫనీస్ అయితే 'పక్షులు' నాటకంలో సోక్రటీస్‌నే ఒళ్లు కడుక్కోని సైకగోగోస్‌గా సరస్సు ఒడ్డున కూర్చోబెట్టి నవ్వించాడు. పిరికివాడైన పిసాండర్ బతికుండగానే తనని వదిలేసిన ఆత్మని చూసుకోవడానికి అక్కడికి వస్తాడు.

ఇక మీ ప్రయాణం. పార్గా ఊళ్లో ఉంటే మెసొపొటామోస్ దగ్గరే, కారులో వెళ్లిరావచ్చు. నేలమాళిగలోకి దిగేది ఇనుప మెట్ల మీద. పిల్లల్ని ముందు పంపకండి, మెట్లు నిటారుగా ఉంటాయి. కింద నిలబడి ఒక నిమిషం మాట్లాడకుండా ఉండి చూడండి. రైతు పాతరే అని తెలిసినా ఒళ్లు జలదరిస్తుంది, డకారిస్ ఎందుకు ఆ నమ్మకంలో పడ్డాడో అప్పుడు అర్థమవుతుంది. గైడు యంత్రం కథ చెబితే వాదన పెట్టుకోకండి, నేను పెట్టుకుని అరగంట పోగొట్టుకున్నాను. పైకొచ్చాక మఠం అంచున నిలబడి కింద పొలాలకేసి చూడండి, సరస్సు ఉన్నది అక్కడే. తర్వాత అమ్మౌడియాకి వెళ్తే నది సముద్రంలో కలిసేచోట పడవ ఎక్కించి ఎకెరాన్ మీద తిప్పుతారు.

అన్నట్టు దారిలో బోర్డుల మీద ఆ సైకగోగోస్‌లోంచి వచ్చిన మాటే, 'ప్సిహగోయియా', కనిపిస్తే కంగారుపడకండి. ఇప్పటి గ్రీకులో దానికి అర్థం వినోదం. పాటలో, సినిమానో, పిల్లల ఆటలో ఉంటాయి.